దుకాణం గోడ – పేరుకు పెట్టుబడి

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువు గురించి మాట్లాడమంటే మాకు తేలిక. కాని కార్యవర్గంవారు ఈసారి చిన్న వ్యాపారాలమీద నాలుగు మాటలు చెప్పమన్నారు. మేము వ్యాపారస్తులం కాము. సుద్దముక్క పట్టుకుని నల్లబల్లమీద అక్షరాలు రాసేవాళ్ళం. కనుక మాకు తెలిసిన దారినే వస్తాము. అక్షరం గురించీ, అది నిలిచే గోడ గురించీ మాట్లాడతాము.

మన ఊళ్ళ బజార్లు ఒకసారి చూడండి. టైలరు షాపు, మోటారు రిపేరు, టీ హోటలు, గాజుల దుకాణం. సరుకు మంచిదే, పనితనమూ మంచిదే. కాని కొత్త మనిషి వీధిలోకి వస్తే ఏ దుకాణం ఏదో పోల్చుకోలేడు. ఎందుచేతనంటే బోర్డులన్నీ ఒకే తీరున అచ్చయిన ఫ్లెక్సీలు. అదే ఎరుపు, అదే పసుపు, ఎవరో తెలియని మనిషి నవ్వు మొహం. పేరొక్కటే తేడా. కొన్ని ఎండాకాలాలు తిరిగేసరికి ఆ పేరూ వెలిసిపోతుంది, గాలివానకు చిరిగి వేలాడుతుంది. చిరిగిన బోర్డు కింద కూర్చున్న వ్యాపారి ఎంత నిజాయితీపరుడైనా, చూసేవాడికి ఈ దుకాణం మూతపడబోతున్నదేమో అనిపిస్తుంది. పైగా పాత ఫ్లెక్సీ మట్టిలో కలిసిపోయే వస్తువు కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించినప్పుడు చెప్పిన కారణమూ అదే.

బ్రాండు అనే మాట పెద్ద కంపెనీలదని మనవాళ్ళు అనుకుంటారు. అది పొరపాటు. "ఎక్కడ కుట్టించావు భాయ్?" అని ఒకరు అడిగితే, రెండోవారు ఒక్క మాటలో ఆనవాలు చెప్పగలిగితే అదే బ్రాండు. అమూల్ వెన్న ప్రకటనలోని చుక్కల గౌను పాపను చూడండి. 1966 నుంచి ఆ పాప మారలేదు. పక్కన రాసే మాట మారుతుంది, పాప మాత్రం అదే. ఒక్క బొమ్మ పెట్టుకుని దానిమీదే నిలబడడం, అందులో మనం నేర్చుకోవలసింది ఇదే.

ఇక మా అనుభవం ఒకటి మనవి చేస్తాము. మా పాత విద్యార్థి ఒకతను బస్టాండు వెనక సందులో టీ హోటలు పెట్టాడు. అప్పు తెచ్చి పెట్టిన హోటలు. మెయిన్ రోడ్డుకు కనిపించేది పక్కగోడ ఒక్కటే, అదీ సున్నం వెలిసిన ఖాళీ గోడ. ఆరు నెలలైనా బేరం పుంజుకోలేదు. ఒకనాడు మా దగ్గరికి వచ్చి, "సార్, ఈ రంజాన్ దాకా చూస్తాను, లేకపోతే తాళం వేసి గల్ఫ్ పోతాను" అన్నాడు. ఇంట్లో ముసలి తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు.

అదే వీధిలో ఒక పెయింటరు ఉస్తాద్ ఉన్నారు. ఒకప్పుడు సినిమా బోర్డులు, లారీల వెనక అక్షరాలు, ఎన్నికల గోడరాతలు అన్నీ ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక కుంచెలు డబ్బాలో పెట్టేసి, ఒక గోడౌనుకు రాత్రి కాపలా కాస్తున్నారు. ఆ కుంచె తక్కువది కాదు సుమా. ఎం.ఎఫ్. హుసేన్ (1915–2011) అంతటి చిత్రకారుడు బొంబాయిలో సినిమా హోర్డింగులు వేసి పొట్టపోసుకున్నవారే.

మేము ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాము. గోడంతా నిండు నీలం, మధ్యన ఒక పెద్ద కెటిల్, దాని మూతినుంచి వచ్చే ఆవిరే హోటలు పేరుగా మారేట్టు ఉస్తాద్ చిత్తు గీశారు. చూసి ఇద్దరమూ సంబరపడ్డాము. ఆ సంబరంలోనే తప్పు చేశాము. "గోడ ఇంకా తడిగా ఉంది మాస్టర్ సాబ్, నెల ఆగుదాం" అని ఆయన అంటూనే ఉన్నారు. పండగ ముందే కావాలని తొందరపెట్టింది మేమే. రెండు వానలకు నీలం రంగు పొలుసులుగా లేచిపోయింది. కుర్రవాడి డబ్బు పోయింది. ఉస్తాద్ ఒక్క మాట అనలేదు. మేము మాత్రం చాలా రోజులు ఆ సందులోకి పోలేకపోయాము.

చలికాలంలో మళ్ళీ మొదలుపెట్టారు. రంగుల ఖర్చులో సగం మేము పెట్టుకున్నాము, తప్పు మాదే గనుక. ఈసారి పని ఉస్తాద్ చెప్పినట్టే జరిగింది. ఆ పద్ధతి మీకూ పనికివస్తుందని చెబుతున్నాము.

మొదట పాత సున్నాన్ని పూర్తిగా గీకేయాలి. సున్నంలోని క్షారం నూనె రంగును తినేస్తుంది. కొత్త ప్లాస్టరింగ్ అయితే కనీసం నెల రోజులు ఆరనివ్వాలి. తడి ఉందో లేదో తెలియాలంటే మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రాత్రి ఉంచాలి. తెల్లవారి లోపలివైపు నీటిచుక్కలు కనబడితే ఆ గోడ సిద్ధంగా లేనట్టే. పుట్టీ పెట్టి, ప్రైమరు కొట్టి, బయట గోడలకని అమ్మే ఎమల్షన్ రంగు వాడాలి. పడమటి ఎండ తగిలే గోడమీద చవక ఎరుపులూ పసుపులూ త్వరగా వెలుస్తాయి. జేగురు, మట్టి పసుపు, నలుపు నిలబడతాయి.

బొమ్మను ముందు గళ్ళ కాగితంమీద గీయాలి. కాగితంమీద అంగుళం గోడమీద అడుగు అనుకుని, రంగు దారం కొట్టి గోడమీదా గళ్ళు వేసుకుంటే కొలత తప్పదు. అక్షరం ఎత్తుకు ఒక లెక్క ఉంది. పది అడుగుల దూరానికి ఒక అంగుళం. వంద అడుగుల దూరంనుంచి తేటగా చదవాలంటే అక్షరం పది అంగుళాలు ఉండాలి. గోడమీద పేరు, చేసే పని, ఒక బొమ్మ, ఇవి చాలు. ధరల పట్టికా, పది ఫోన్ నంబర్లూ గోడకెక్కిస్తే ఏదీ కనబడదు.

భాష సంగతి కూడా చెప్పాలి. 2017లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ఉర్దూకు రెండవ అధికార భాష హోదా వచ్చింది. మన దుకాణాలమీద తెలుగూ ఉర్దూ పక్కపక్కనే ఉండడం పాత అలవాటే. అయితే తెలుగుకు పైన గుడులకూ, కింద వత్తులకూ చోటు కావాలి. ఉర్దూ నస్తాలీఖ్ కుడినుంచి మొదలై వాలుగా దిగుతుంది. రెంటినీ ఒకే ఇరుకు పట్టీలో నొక్కితే రెండూ చెడతాయి. తెలుగు ఎడమనుంచి, ఉర్దూ కుడినుంచి మొదలుపెట్టి, మధ్యన బొమ్మ ఉంచితే అందం. మనుషుల బొమ్మలు వద్దనుకునే వ్యాపారులున్నారు. వారికి అక్షరమే బొమ్మ అవుతుంది. తీగలు, జాలీ పని, పనిముట్ల బొమ్మలు ఎన్నైనా ఉన్నాయి. కత్తెర ఒక్కటి చక్కగా వేస్తే టైలరుకు అంతకన్న ఏం కావాలి?

గోడ అద్దెదైతే యజమాని అనుమతి కాగితంమీద తీసుకోండి. మునిసిపాలిటీలోనూ విచారించండి. వేసిన మనిషి పేరు మూలన ఉండనివ్వండి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీశారు. ఆయన కోర్టుకెక్కితే 2005లో ఢిల్లీ హైకోర్టు, పని అమ్ముడుపోయినా దానిమీద కళాకారుడి గౌరవం పోదని తీర్పు చెప్పి, ఐదు లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని ఆదేశించింది. మన వీధి ఉస్తాద్‌కు కోర్టులు తెలియవు. ఆయన గౌరవం మనమే చూడాలి.

హైదరాబాదులో నెక్లెస్ రోడ్డు పక్కనున్న మఖ్తా బస్తీ ఇళ్ళ గోడలమీద చిత్రకారులు పెద్ద బొమ్మలు వేశాక, పనిగట్టుకుని చూడడానికి వెళ్ళేవారు ఏర్పడ్డారు. గోడకు అంత శక్తి ఉన్నది.

ఇంతకీ ఆ హోటలు ఏమయిందని అడుగుతారు. గోడ వేయగానే బంగారం పండిందని మేము చెప్పము. చాయ్ బాగుండకపోతే ఏ గోడా కాపాడదు. కాని బస్సు దిగినవాళ్ళకు ఆటోవాళ్ళు ఇప్పుడు "నీలం కెటిల్ దగ్గర" అని దారి చెబుతున్నారు. కుర్రవాడు గల్ఫ్ పోలేదు. అప్పు ఇంకా ఉంది, నెలనెలా కడుతున్నాడు. ఆ గోడ చూసి ఒక వెల్డింగు షాపువారూ, ఒక బేకరీవారూ ఉస్తాద్‌ను పిలిచారు. ఆయన కాపలా పని ఇంకా మానలేదు గాని, సెలవు రోజుల్లో మా బడి పిల్లలిద్దరు ఆయన వెంట గళ్ళ దారం పట్టుకుని తిరుగుతున్నారు.

మా విన్నపం ఒక్కటే. రేపు మీలో ఎవరు దుకాణం తెరిచినా, ఫ్లెక్సీకి కొలతలు ఇచ్చేముందు మీ వీధిలో కుంచె పట్టగలిగిన మనిషి ఎవరున్నారో ఒక్కసారి విచారించండి. సగం డబ్బు ముందు ఇవ్వండి. గోడ ఆరలేదని ఆయన అంటే, మాలాగా తొందరపెట్టకండి.