పసిబిడ్డలలో ఇనుపధాతు లోపం: గుర్తించడం ఎట్లా?



మెట్ట నారుమడి పోసిన వాళ్లకు ఒక సంగతి అనుభవమే. విత్తనం బాగా మొలుస్తుంది. కొన్నాళ్లు పచ్చగా ఎదుగుతుంది. ఆ మీదట మడిలో తేమ తగ్గిందంటే ముందు లేత ఆకులు పాలిపోతాయి, పిమ్మట నారంతా తెల్లబడుతుంది. అది చూసి మీరు ఊరుకోరు. ఇనుపధాతు లోపమని గ్రహించి, లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి పిచికారీ చేస్తారు. నేలలో ఇనుము లేక ఈ లోపం రాదు. ఉన్న ఇనుము వేరుకు అందే రూపంలో లేక వస్తుంది. సున్నపు నేలల్లో వేరుశనగ పసుపు రంగుకు తిరిగేదీ ఇందువల్లనే.

మన ఇళ్లలోని పసిబిడ్డలకూ ఈ లోపం వస్తుంది. అయితే నారు తెల్లబడితే గట్టు మీది నుంచే కనిపెట్టే మనం, బిడ్డ తెల్లబడితే ఏళ్ల తరబడి కనిపెట్టలేకపోతున్నాం. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఆరు నెలలు మొదలు అయిదేళ్ల లోపు పిల్లల్లో రక్తహీనత గలవారు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 63 మంది, తెలంగాణలో నూటికి 70 మంది అని తేలింది. రక్తహీనత అంతా ఇనుము లోపం వల్లనే రాదు. అయినా ఈ వయసులో పెద్ద కారణాలలో అది ఒకటి.

ఇది ఎలా దాపురిస్తుందో చెబుతాను. బిడ్డ తల్లి కడుపులో ఉన్నప్పుడే కొంత ఇనుము నిలవ చేసుకుని పుడుతుంది. ఆ గాదె సుమారు ఆరు నెలలకు ఖాళీ అవుతుంది. తల్లిపాలు అమృతమే గాని, వాటిలో ఇనుము బహు స్వల్పం. ఏడాది తిరిగేసరికి బిడ్డ పుట్టినప్పటి బరువుకు మూడింతలవుతుంది. అంత ఒంటికీ రక్తం కావాలి, రక్తానికి ఇనుము కావాలి. సరిగ్గా ఆ సమయంలోనే మనం పెట్టేది ఏమిటంటే పలచని పాలు, మెత్తటి అన్నం, కాస్త చారు. నెలలు నిండక ముందు పుట్టిన బిడ్డకు, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు ఆ గాదె ఇంకా ముందే అడుగంటుతుంది. అటువంటి బిడ్డ విషయం డాక్టరును ముందుగానే అడగాలి.

నేను వెళ్లిన ఒక ఊళ్లో రెండు గేదెలున్న ఇల్లు. ఏడాదిన్నర మనవడు. బొద్దుగా ఉన్నాడు. నాయనమ్మ మురిసిపోతూ, "మా బాబు చూడమ్మా, దొరబిడ్డలాగా ఎంత తెల్లగా ఉన్నాడో! రోజుకు లీటరు పాలు తాగుతాడు. అన్నం మాత్రం ముట్టడు," అన్నది. తల్లి ఒక పక్కగా నిలబడి మరొక మాట చెప్పింది: "గోడ సున్నం గీకి తింటున్నాడండీ. రెండు దెబ్బలు వేసినా మానడు." ఆ తెలుపు మేనిచాయ కాదు. రక్తం చాలక వచ్చిన పాలిపోవడం. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ ఏడున్నర. పాడి ఉన్న ఇంట్లో ఇదేమిటి అంటారా? గేదె పాలలో, ఆవు పాలలో ఇనుము నామమాత్రమే. పైగా పాలలోని కాల్షియం ఇతర ఆహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వదు. పాలతో కడుపు నిండిన బిడ్డకు అన్నం మీదికి మనసు పోదు. ఏడాది లోపు బిడ్డకు ఈ పాలే ప్రధానాహారం చేస్తే కొందరికి పేగులలో కంటికి కనిపించనంత రక్తం కూడా పోతుంది. ఏడాది దాటినాక రోజుకు అర లీటరు పాలు చాలు. మిగతా ఆకలి అన్నం కోసం ఉంచండి. ఆ పిల్లవాడికి మందు మొదలుపెట్టి, పాలు సగానికి తగ్గించారు. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ తొమ్మిది దాటింది. సున్నం సంగతి వాడే మరిచిపోయాడు.

అందుచేత మట్టి, సున్నం, బలపం, పచ్చి బియ్యం తినే బిడ్డను కొట్టకండి. రక్తపరీక్షకు తీసుకుపోండి. ఊరికే చిరాకుపడే బిడ్డ, తోటి పిల్లలతో ఆడక గడప మీద కూర్చునే బిడ్డ, ఆకలి లేని బిడ్డ, మాటిమాటికి జబ్బు పడే బిడ్డ, వీళ్లను కూడా అనుమానించాలి. పాలిపోయిన బిడ్డకు "తెల్లకామెర్లు" అని పేరు పెట్టి పసరు పోయిస్తూ నెలలు గడిపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ నెలలు తిరిగి రావు. మొదటి రెండు మూడేళ్లలోనే మెదడు వేగంగా పెరుగుతుంది. ఆ సమయంలో ఇనుము చాలక నష్టం కలిగితే, తరువాత రక్తం నిండినా చదువులో, చురుకులో ఆ వెలితి పూర్తిగా తీరకపోవచ్చు.

ఇంట్లో చూసుకునే పద్ధతి ఒకటి ఉంది. పగటి వెలుతురులో బిడ్డ అరచేతిని మెల్లగా తెరవండి. వేళ్లను వెనక్కు విరిచి పట్టుకోకండి, అలా పడితే మంచి చెయ్యి కూడా తెల్లగా కనిపిస్తుంది. ఆ అరచేతిని మీ అరచేతితో, మరో ఇద్దరు పిల్లల అరచేతులతో పోల్చండి. కింది కనురెప్ప లోపలి ఎరుపు, నాలుక, గోళ్లు కూడా చూడండి. ఇందులో ఒక చిక్కు ఉంది. మన ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. తల్లి చెయ్యే పాలిపోయి ఉంటే, దానితో పోల్చిన బిడ్డ చెయ్యి బాగున్నట్టే తోస్తుంది. గ్రామాల్లో తిరిగే విస్తరణ ఉద్యోగులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఈ సంగతి మరువరాదు. బిడ్డను చూసినప్పుడే తల్లిని కూడా చూడాలి.

ఇంతకూ, కంటి చూపుకు చిక్కేది ముదిరిన లోపమే. ముందు గాదె ఖాళీ అవుతుంది, ఆ తరువాతనే రక్తం పలచబడుతుంది. గాదె ఎంత ఉందో తెలిపే పరీక్షకు ఫెరిటిన్ పరీక్ష అని పేరు. అది ఎల్లచోట్లా దొరకదు గాని, హిమోగ్లోబిన్ పరీక్ష ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చేస్తారు. అయిదేళ్ల లోపు బిడ్డకు 11 గ్రాముల కంటె తక్కువ ఉంటే రక్తహీనత అని మన దేశపు కార్యక్రమంలో లెక్క. 7 కంటె తగ్గితే ఆలస్యం చేయక పెద్దాసుపత్రికి పోవాలి. ఆయాసపడుతున్నా, పాలు తాగలేకపోతున్నా లెక్క కోసం ఆగవద్దు.

2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ కార్యక్రమం కింద, ఆరు నెలల నుంచి అయిదేళ్ల వరకు బిడ్డలకు వారానికి రెండు సార్లు, సారికి 1 మిల్లీలీటరు ఐరన్ సిరప్ ఇచ్చే ఏర్పాటు ఉంది. అది లోపం రాకుండా కాపాడే మోతాదు. లోపం వచ్చిన బిడ్డకు డాక్టరు బరువును బట్టి రోజూ వేయవలసిన మోతాదు రాస్తారు. రెండు నెలలైనా విడవకుండా వాడాలి. మలం నల్లగా వస్తుంది, దానికి భయపడి మందు మానకండి. బుగ్గలు ఎరుపెక్కాయని మధ్యలో ఆపినా, గాదె నిండక ముందే కళ్లం ఎత్తివేసినట్టు అవుతుంది. నులిపురుగుల మందు ఏడాది నిండిన బిడ్డకు అంగన్‌వాడీలో వేయించండి. ఏజెన్సీ ప్రాంతాల వాళ్లు సికిల్ సెల్ పరీక్ష కూడా చేయించాలి. ఆ జబ్బులోను, తలసేమియాలోను రక్తం తగ్గడానికి కారణం వేరు గనుక, డాక్టరును అడగకుండా ఇనుము మందు పోయరాదు.

ఇక తిండి. మొలకెత్తించి ఆరబెట్టి విసిరిన రాగిపిండి జావ, తోటకూర పప్పు, మునగాకు, ఉలవలు మంచివి. తినేవాళ్ల ఇళ్లలో కార్జం, చిన్న చేపలు, మాంసం మెత్తగా చేసి పెడితే ఆ ఇనుము ఇంకా బాగా వంటబడుతుంది. ఆకుకూర పప్పు దించిన తరువాత నిమ్మకాయ పిండండి. ఉడికేటప్పుడు పిండితే దాని సత్తువ పోతుంది. నారుమడిలో అన్నభేదికి నిమ్మఉప్పు తోడు చేసినట్టే, బిడ్డ కడుపులోనూ ఇనుముకు పులుపు తోడు కావాలి. పండిన జామకాయ మెదిపి పెట్టినా సరే. టీలో బిస్కత్తు ముంచి పెట్టే అలవాటు మాత్రం ఇవాళే మానండి. టీ ఇనుమును కట్టివేస్తుంది.

మరొక్క హెచ్చరిక. ఆ సిరప్పులోనూ ఇనుమే, అన్నభేదిలోనూ ఇనుమే గదా అని పొలానికి తెచ్చిన అన్నభేదిని బిడ్డకు పెట్టే సాహసం ఎవరూ చేయకండి. అది మందు శుద్ధి గలది కాదు, ప్రాణానికే ముప్పు. డాక్టరు ఇచ్చిన సిరప్పు, గర్భిణుల ఐరన్ మాత్రలు కూడా బిడ్డ చేతికి అందని చోట, అటక మీదనో పెట్టెలోనో ఉంచండి. తీపిగా ఉందని సీసా ఎత్తి తాగే పిల్లలు ఉంటారు. ఎక్కువ తాగినట్టు అనుమానం కలిగితే వాంతి కోసం, కక్కడం కోసం ఎదురుచూడక, ఆ సీసాతో సహా బిడ్డను వెంటనే ఆసుపత్రికి చేర్చండి.