ఆనాటి ప్రశ్నకు జవాబు



ఓసారి పదో తరగతిలో కటకాల పాఠం చెబుతూ, మన పాతబస్తీ ఫిసల్‌బండలో నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా వేధశాలను, ఆయన తెప్పించిన 15 అంగుళాల టెలిస్కోపును ప్రస్తావించాను. “గాజులో కాంతి నెమ్మదించి వంగుతుంది కాబట్టే అది పనిచేస్తుంది” అన్నాను. వెనక బెంచీ అబ్బాయి లేచాడు: “బయటికొచ్చాక మళ్లీ వేగం ఎలా వస్తుంది సార్? ఎవరు తోస్తారు?” నాకు తెలియదు. “పరీక్షలో రాదు, కూర్చో” అన్నాను.

నాయనా, శూన్యంలో కాంతి వేగం మారదు: సెకనుకు 2,99,792 కిలోమీటర్లు. గాజులోని ఎలక్ట్రాన్లు కాంతి తగలగానే ఊగి, తామూ తరంగాలు వెలువరిస్తాయి. అన్నీ కలిసిన తరంగం సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతోనే సాగుతుంది. గాలిలోకి వచ్చాక ఆ ప్రభావం దాదాపు ఉండదు, పాత వేగమే. ఎవరూ తోయనక్కర్లేదు.

ఆనాడు కూర్చోబెట్టినందుకు మన్నించు. సెలవు.