మత్తు డాక్టరు లేని రాత్రి



"మత్తు డాక్టరు లేరు, నెల్లూరు తీసుకుపొండి." మన సముద్రతీరంలో కాన్పుల నిమిత్తం ఆసుపత్రులకు పోయినవారికి ఈ మాట కొత్త కాదు. ఆపరేషను చేసే డాక్టరమ్మ ఉన్నా, థియేటరు ఉన్నా, మత్తు ఇచ్చేవారు లేకుంటే అంతా ఆగిపోతుంది. తుఫాను రాత్రి మైపాడు రోడ్డు మీద ఆ ప్రయాణం ఎలాంటిదో మీకు వేరే చెప్పనక్కరలేదు.

దగ్గర ఉన్నవారికే పని నేర్పడం మనకు తెలిసిన పద్ధతే. 1920లో గుంటూరు చేరిన డాక్టర్ సిస్టర్ మేరీ గ్లౌరీ స్థానిక స్త్రీలకు మందులు కలపడం, కాన్పులు చేయడం, రోగుల సేవ నేర్పారు. ప్రభుత్వం కూడా అటువంటి మార్గమే తొక్కింది. మామూలు ఎం.బి.బి.ఎస్. డాక్టర్లకు ప్రసూతి అత్యవసరాలలో మత్తు ఇవ్వడం నేర్పే శిక్షణను మొదట 18 వారాలుగా రూపొందించారు. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక అది పలు రాష్ట్రాలకు విస్తరించింది. 18 వారాలలో నిపుణులు అవుతారా అంటే, కారు. గుండెజబ్బు ఉన్న తల్లిని వారు పెద్దాసుపత్రికి పంపవలసినదే.

వెన్నులో సూది వేయడం త్వరగానే పట్టుబడుతుంది. ఆ తరువాతదే కష్టం. బి.పి. ఒక్కసారిగా పడిపోవచ్చు. నిండు గర్భం పెద్ద రక్తనాళాలను నొక్కకుండా తల్లిని కొంచెం ఎడమకు వాల్చాలి. మత్తు మరీ పైకి ఎక్కితే ఊపిరి అందదు. అప్పుడు మాస్కుతో గాలి పట్టించాలి, అవసరమైతే గొంతులో గొట్టం వేయాలి. ఇదంతా చేస్తూ ఉంటేనే చేతిలో నిలిచే విద్య. శిక్షణ పొందినవారిలో కొందరిని సిజేరియన్లు జరగని చోట్లకు వేశారు, కొందరికి తోడుగా ప్రసూతి వైద్యులే లేరు. ఈ పథకానికి తగిలిన పెద్ద దెబ్బ అదే.

ఇక మనవారి సంగతి. పెళ్లి, పిల్లలు, అత్తమామల సేవ అని ప్రాక్టీసు మానిన డాక్టరమ్మలు మన విచారణలలో లేకపోలేదు. వారిని వేదికల మీదనుండి "సేవకు రండి" అని పిలవడం మనకు బాగా అలవాటు. కాని పదేండ్లు స్టెతస్కోపు పట్టని మనిషిని నేరుగా థియేటరులోకి పంపితే తల్లికీ ప్రమాదం, ఆ డాక్టరుకూ ప్రమాదం.

మా ఆలోచన వేరు. ఒకరిద్దరు డాక్టర్లతో నడిచే ఆసుపత్రినుండి ఎవరినైనా నెలల తరబడి శిక్షణకు పంపాలంటే, ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారు? అక్కడికి ఈ డాక్టరమ్మలు రావాలి. మెడికల్ కౌన్సిలు రిజిస్ట్రేషను సరిచేసుకొని, కొన్ని వారాలు సీనియర్ల పక్కన కూర్చొని మందులూ పద్ధతులూ మళ్లీ చూసుకుంటే, పగటిపూట ఓ.పి., గర్భిణుల పరీక్షలు వారు నడపగలరు. శిక్షణకు వెళ్లినవారు తిరిగివచ్చి రాత్రి థియేటరు చూస్తారు. వచ్చిన డాక్టరమ్మలలో ఎవరికైనా మత్తు పనే నేర్వాలని ఉంటే, చేయి తిరిగాక వారినీ పంపవచ్చు.

జీతం ఇవ్వాలి. రానుపోను బండి ఏర్పాటు చేయాలి. చంటిబిడ్డ ఉంటే చూసుకునే మనిషి కావాలి. ఇవి లేకుండా ఎవరినీ అడగవద్దని మా మనవి.

ప్రాక్టీసు మానినవారు తమ పేరు, మానిన సంవత్సరం, వారానికి ఎన్ని గంటలు రాగలరో ఒక కాగితం మీద వ్రాసి విచారణ గురువులకు అందజేయగలరు.