బొమ్మల కొలువు – దిగుమతి సరకు

(ఇందిరాపురములో మన సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



విదేశపు సరకుల పోటీవలన దేశీయోత్పత్తిదారులకు గలుగు కష్టనష్టములను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. ఇది పెద్ద విషయము. ఇనుము, వస్త్రము, రసాయనములు – వీనిలో ఏది యెత్తుకొన్నను తెల్లవారును. అందుచేత మన పిల్లల చేతులలో నిత్యము కనబడు వస్తువునే నేనెన్నుకొంటిని. అది బొమ్మ.

కొన్ని సంక్రాంతుల క్రిందట మా యింట బొమ్మల కొలువు పెట్టితిమి. పై మెట్టుమీద మా అమ్మమ్మ కాలమునాటి కొండపల్లి దశావతారములు. రంగు వెలసినను ముఖములలో కళ తగ్గలేదు. క్రింది మెట్లు నిండుటకు సదర్ బజారునుండి తెచ్చిన ప్లాస్టికు బొమ్మలను పేర్చితిమి. పేరంటమునకు తల్లితో వచ్చిన బాలిక యొకతె ఒక బొమ్మను తిరుగవేసి చూచి, “తాతగారూ, ఇది చైనాలో చేసినదట. మన కొలువులో దీనికి చోటున్నదా?” అని యడిగెను. నేను నవ్వి యూరకుంటిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

దిగుమతి బొమ్మ చౌకయగుటలో మాయ యేమియు లేదు. ప్లాస్టికు బొమ్మకు ముఖ్యమైన వ్యయము అచ్చు. ఒక ఉక్కు అచ్చునకు అయిదు లక్షల రూపాయలైనదనుకొందము. దానినుండి పదివేల బొమ్మలు తీసినచో ఒక్కొక్కదానిపై ఏబది రూపాయల భారము పడును. పది లక్షల బొమ్మలు తీసినచో అర్ధరూపాయయే పడును. చైనాలో షాంటౌ నగరమునకు చెందిన చెంఘాయ్ ప్రాంతమున అచ్చులు పోయువారు, రంగులు వేయువారు, పెట్టెలు చేయువారు అందఱును ఒక్కచోటనే యుండి, ప్రపంచమునకంతకు బొమ్మలు చేయుదురు. వారి బలమంతయు ఆ సంఖ్యలోనే యున్నది.

మన కొండపల్లి పనివానికి అచ్చు లేదు. తెల్లపొణికి కఱ్ఱను కోసి, ఆరబెట్టి, అవయవములను వేఱువేఱుగ చెక్కి, చింతగింజల జిగురును రంపపుపొట్టును కలిపిన మక్కుతో అతికి, సున్నపు పూత పూసి, పిదప రంగులు దిద్దవలెను. పదవ బొమ్మకు పట్టిన కాలమే పదివేలవ బొమ్మకును పట్టును. వరాహనది యొడ్డుననున్న ఏటికొప్పాకలో పద్ధతి వేఱు. అచ్చట అంకుడు కఱ్ఱను లేతుమీద త్రిప్పుచు లక్కను ఒత్తుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱను పట్టుకొనును. అచ్చటను చేయి ఆగిన పని యాగును. ఇట్టి చేతిపనిని లక్షల సంఖ్యతో పోరుమనుట, కాలినడకవానిని రైలుతో పరుగెత్తుమనుటయే.

ఈ పోరు మనకు క్రొత్తది కాదు. ఆంగ్లేయులు 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. మన తీరపు అద్దకపు వస్త్రములు ఐరోపాలో ప్రీతిపాత్రములైనవి. అప్పుడు తల్లడిల్లినవారు అచ్చటి నేతగాండ్రు. వారి మొఱ విని ఇంగ్లండు పార్లమెంటు 1700లోను, 1721లోను చట్టములు చేసి అద్దకపు వస్త్రముల వాడుకను నిషేధించినది. నూఱేండ్లు తిరుగకమునుపే వారి యంత్రములు బలపడి, లాంకషైరు బట్ట మన రేవులలో దిగినది. అప్పుడు మన నేతగానికి కాపుదల యెవరిచ్చిరి? పైగా 1896లో మన మిల్లుబట్టపైననే నూటికి మూడున్నర వంతున ఎక్సైజు సుంకము విధించిరి. తాము చిన్నగా నున్నప్పుడు గోడ కట్టుకొనుట, పెద్దయైన పిదప ఎదుటివాని గోడ పడగొట్టుట – వాణిజ్య చరిత్రలో ఈ నీతి తఱచుగా కనబడును.

ఇక మన కాలమునకు వత్తము. భారత నాణ్యతా మండలి దిల్లీ పరిసరములలో కొన్న దిగుమతి బొమ్మలను పరీక్షింపగా, మూడింట రెండు వంతులు పరీక్షకు నిలువలేదని 2019లో వెల్లడియైనది. 2020 ఫిబ్రవరిలో బొమ్మలపై కస్టమ్సు సుంకమును నూటికి 20 నుండి 60కి పెంచిరి. 2023లో అది 70 అయినది. 2021 జనవరి 1 నుండి ప్రమాణముద్ర లేని బొమ్మను అమ్మరాదను ఉత్తరువు అమలులోనికి వచ్చినది. 2018–19లో 37 కోట్ల 10 లక్షల డాలర్లుగా నున్న దిగుమతి, 2021–22 నాటికి 11 కోట్లకు దిగినది. అదే కాలమున ఎగుమతి 20 కోట్ల 20 లక్షలనుండి 32 కోట్ల 60 లక్షల డాలర్లకు పెరిగినది.

ఈ లెక్కలకు సంతసింపవలసినదే. కాని ఫైళ్ళతో జీవితము గడుపు మనకు ఒక సంగతి తెలియును: ఉత్తరువు ఎవరికొఱకు పుట్టినదో వారినే యొక్కొక్కప్పుడు తాకును. ప్రమాణముద్ర పొందుటకు పరీక్షాశాల కావలెను, రుసుము కావలెను. పూరియింటి వసారాలో కూర్చుండి బొమ్మ చెక్కువానికి అవి యెక్కడివి? అదృష్టవశమున 2020 డిసెంబరులో సవరణ చేసి, నమోదైన చేతిపనివారికిని, భౌగోళిక గుర్తింపు పొందిన బొమ్మలకును మినహాయింపు నిచ్చిరి. ఆ సవరణయే రాకున్నచో, విదేశపు బొమ్మకై తీసిన కత్తి మొదట మనవాని చేతినే తెగగోసెడిది.

రెండవ సంగతి: గోడ రేవులో సరకును ఆపగలదు గాని, కొండపల్లికి కఱ్ఱను తేజాలదు. పొణికి చెట్టు ఎదుగుటకు ఏండ్లు పట్టును. నఱకినంత త్వరగా అది పెరుగదు. దిగుమతి బొమ్మ తొలగిన చోటును, దాని ధరకు సమీపముగా అమ్మగల దేశీయ యంత్రపు బొమ్మయే సులభముగా ఆక్రమించును. ఆ కార్మికుడును మనవాడే, అతని కూలియు మన యింటి కూలియే, అందుకు వగవను. అయితే దానిని చేతిపనివాని విజయముగా మాత్రము లెక్క వేయరాదు. సుంకపు భారమును తుదకు మోయునది బొమ్మను కొను తండ్రి యనుటయు మఱవరాదు.

అట్లయిన కాపుదల యెవరికి, ఎంతకాలము? 1921–22 నాటి భారత ఆర్థిక సుంక సంఘము మూడు పరీక్షలు పెట్టినది. ఆ పరిశ్రమకు సహజమైన అనుకూలములుండవలెను; సాయము లేనిదే అది పెరుగజాలనిదై యుండవలెను; తుదకు సాయము లేకయే నిలువగలుగవలెను. పరప్రభుత్వపు నాటి మాటయైనను, విలువైన మాటయే. మొదటి రెండింటిలో మన బొమ్మ తేలికగా నెగ్గును. మూడవది కఠినము. దానికి ఏటికొప్పాక ఒక దారి చూపినది. శ్రీ సి. వి. రాజుగారు పసుపు, నీలి మొదలగు ప్రకృతి సిద్ధమైన రంగులను లక్కతో కలుపు విద్యను పునరుద్ధరించి, పసిబిడ్డ నోట పెట్టుకొన్నను భయపడనక్కఱలేని బొమ్మలను చేయించిరి. ఆయనకు 2023లో పద్మశ్రీ లభించినది. 2025 గణతంత్ర దినమున కర్తవ్యపథముపై ఆంధ్రప్రదేశ్ శకటము ఏటికొప్పాక బొమ్మలతో సాగినప్పుడు మనలో ననేకులు కన్నుల నీరు తుడుచుకొన్నారము. చౌకలో ఓడువాడు నాణ్యములో గెలువవచ్చునని ఆ యూరు చెప్పుచున్నది.

కన్నీరు తుడుచుకొని యింటికి వచ్చి, మఱునాడు బేరమాడుట మాత్రము మన తప్పు. గొప్ప దుకాణమున ముద్రించిన ధరకు మాఱుమాటాడము. ప్రదర్శనశాలలో రెండు రోజుల కూలిని చెక్కలో దాచి తెచ్చినవానితో సగము ధరకు వాదింతుము. సుంకము వేయుట సర్కారు పని. బేరము మానుట మన పని. దానికి ఏ యుత్తరువును అక్కఱలేదు. మన సంఘమువారు సంక్రాంతికి మూడు నెలల ముందే, సభ్యులందఱి కోరికలను ఒక్క పట్టీగా చేర్చి, సగము సొమ్ము ముందుగా పంపి, ఆ యూళ్ళనుండి బొమ్మలు తెప్పింపవలెనని ప్రార్థించుచున్నాను. ముందుగా వచ్చిన సొమ్ముతో పనివాడు కఱ్ఱ కొనుక్కొనును. అప్పులవాని గడప త్రొక్కడు.

ఆ బాలికకు నాడు చెప్పలేని సమాధానమును నేడు చెప్పుచున్నాను. తల్లీ, కొలువులో ఏ దేశపు బొమ్మకైనను చోటున్నది. అది పండుగ, యుద్ధము కాదు. అయితే పై మెట్టున నున్న దశావతారములను చేసినవాని మనుమడు ఇంకను ఉలి పట్టుచున్నాడా లేదా యని విచారించుట గృహస్థుని ధర్మము. వచ్చు సంక్రాంతికి మా కొలువున ఒక క్రొత్త కొండపల్లి బొమ్మ యుండును. నీవు వచ్చి దానిని తిరుగవేసి చూడుము.

సెలవు.