నెల తప్పని సొమ్ము



ఒకటో తారీఖు విలువ మనకు ఒకరు చెప్పనక్కరలేదు. పేదింట్లో ఆ విలువ ఎంతో నాకు మునుగోడు వైపున్న మా ఊరి అవ్వ వల్ల తెలిసింది. భర్త లేడు. కొడుకుది కూలిపని. ఫ్లోరైడు నీళ్ళకు ఆమె మోకాళ్ళు వంగిపోయాయి.

1995 ఆగస్టు 15న కేంద్రం ప్రారంభించిన వృద్ధాప్య పింఛను నెలకు 75 రూపాయలే. మన రాష్ట్రంలో 200గా ఉన్నది 2014 నవంబరులో ‘ఆసరా’తో 1000 అయింది, 2019లో 2016కు పెరిగింది.

అవ్వ ముందుగా కొన్నది నొప్పుల మాత్రలు, తర్వాత మనవరాలికి నోటుపుస్తకాలు. “ఉద్దెర ఇయ్యనోడే ఇప్పుడు పిలిచి ఇస్తుండు బిడ్డా” అన్నది. సొమ్ము పెద్దదని కాదు, నెల తప్పదని దుకాణదారుని నమ్మకం.

ఒకసారి వేలిముద్రలు అరిగిపోయి యంత్రం పట్టలేదు. రెండు నెలలు డబ్బు రాలేదు. ఉద్దెరా ఆగింది, మాత్రలూ ఆగాయి. వెంట వెళ్ళి అర్జీ రాసిచ్చాను. మూడో నెల పైకం చేతికందింది.

మిత్రులారా, ఏళ్ళ తరబడి ఫైళ్ళు నడిపిన చేతులు మనవి. మన ఊళ్ళలో ఇటువంటి వారికి తలా ఒక అర్జీ రాసిపెడదాం. ఆలస్యమైన పింఛను ఎంత బాధో మనకు తెలియనిదా? సెలవు.