సూది వైద్యానికి పై చదువు ఎందుకు?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ తరఫున వారానికొకసారి ఆక్యుపంక్చర్ శిబిరం పెడదామని కార్యవర్గం తలపెట్టింది. దానికోసం చదువుకున్న పిల్లల్ని నలుగురిని పదిహేను రోజుల కోర్సుకు పంపితే సరిపోతుందా, లేక పూర్తిగా చదివినవాళ్లనే పెట్టాలా అని మమ్మల్ని అడిగారు. ఆ పని చేసేవాళ్లం గనుక, అందులో పై చదువు కూడా చదివి వచ్చినవాళ్లం గనుక, మాకు తెలిసిన సంగతులు మీ ముందు పెడతాం. నిర్ణయం మీది.

ముందుగా ఒక్క మాట. సూది అనగానే మనవాళ్లు ఇంజక్షన్ అనుకుంటారు. ఈ సూదిలో మందు ఉండదు. వెంట్రుక కంటే కాస్త లావుండే ఉక్కు పుల్ల, అంతే. చైనాలో రెండు వేల ఏళ్లకు పైబడిన వైద్యం ఇది. మన దేశానికి ఎలా వచ్చిందో చెప్పుకోదగ్గ కథే. 1938లో జపాను వాళ్లు చైనా మీద పడి యుద్ధం చేస్తున్నప్పుడు మన కాంగ్రెసు వాళ్లు ఐదుగురు డాక్టర్లను అక్కడికి పంపించారు. అందులో షోలాపూర్ డాక్టర్ ద్వారకానాథ్ కోట్నీస్ పేరు మీరంతా విన్నదే. ఆయన 1942లో అక్కడే కన్నుమూశారు. (షోలాపూర్ అంటే మన తెలుగు పద్మశాలీలు మగ్గాలు పట్టుకుని వెళ్లి స్థిరపడ్డ ఊరే కదా.) అదే బృందంలో కలకత్తా డాక్టర్ విజయ్ కుమార్ బసు ఉన్నారు. ఆయన యుద్ధం తరువాత 1958లో మళ్లీ చైనా వెళ్లి, ఈ సూది వైద్యం నేర్చుకుని వచ్చి, 1959లో కలకత్తాలో మొదలుపెట్టారు. ఆయన అప్పటికే ఇరవై ఏళ్ల అనుభవమున్న డాక్టరు. అయినా మళ్లీ విద్యార్థిగా కూర్చున్నారు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి.

ఇక చిన్న కోర్సులో ఏం నేర్పుతారు? గోడకు ఒక పటం. మనిషి బొమ్మ మీద పద్నాలుగు గీతలు, వాటి మీద 361 చుక్కలు. మోకాలు నొప్పికి ఇవి నాలుగు, నడుం నొప్పికి ఇవి ఆరు అని వరస చెబుతారు. అది అబద్ధమని మేము అనం. ఎక్కాల పుస్తకం లాంటిది. ఎక్కాలు రానిదే లెక్కలు రావు గానీ, ఎక్కాలు వచ్చినంత మాత్రాన కిరాణా కొట్టు నడపలేం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో దీని మీద మార్గదర్శకాలు అచ్చువేసింది. డాక్టరు చదువు లేనివాడు ఈ వైద్యం చేయాలంటే 2500 గంటల శిక్షణ, అందులో కనీసం 1000 గంటలు రోగుల దగ్గర చేతిపని ఉండాలన్నది. డాక్టరు చదువు ఉన్నవాడు కొన్ని జబ్బుల వరకే వాడుకుంటానంటే కూడా కనీసం 200 గంటలు. పదిహేను రోజులు, రోజుకు ఆరు గంటలు వేసుకోండి, 90 అవుతుంది. లెక్క మీరే చూసుకోవచ్చు. మన భారత ప్రభుత్వం 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా ఒప్పుకుంటూ, రిజిస్టరైన వైద్యులు గానీ తగిన శిక్షణ పొందినవాళ్లు గానీ చేయవచ్చు అన్నది. ఆ తగిన అనే మాట దగ్గరే చిక్కంతా ఉంది.

పై చదువులో మమ్మల్ని కూర్చోబెట్టి చదివించింది పాత పుస్తకాలు. హువాంగ్‌డీ నైజింగ్ అని ఒకటుంది, ఆ వైద్యానికి మూలగ్రంథం, రెండు వేల ఏళ్ల నాటిది. చదివేటప్పుడు మొదట విసుగనిపించేది, ఈ కాలంలో ఇదంతా దేనికని. కానీ అందులో సూది ఎక్కడ పొడవకూడదో, ఎప్పుడు పొడవకూడదో చెప్పడానికే ఒక అధ్యాయం ఉంది. బాగా తాగి ఉన్నవాడికి, కోపంలో ఉన్నవాడికి, ఒళ్లు అలిసిపోయినవాడికి, అప్పుడే కడుపునిండా తిన్నవాడికి, ఆకలి దప్పులతో ఉన్నవాడికి, బెదిరిపోయి ఉన్నవాడికి పొడవవద్దు అని ఆ పాఠం సారాంశం.

ఇది మన ఊళ్లకు పెట్టి చూడండి. నాట్ల కాలంలో సాగర్ ఎడమ కాలువ కింద పొలాల్లో పొద్దున్నించీ వంగి నాటు వేసిన ఆడమనిషి, చద్ది తప్ప ఇంకేమీ తినకుండా, సాయంత్రం నడుం పట్టుకుని శిబిరానికి వస్తుంది. రైసుమిల్లులో బస్తాలు మోసిన హమాలీ అలాగే వస్తాడు. చార్టు మాత్రమే తెలిసినవాడు వెంటనే పడుకోబెట్టి ఆరు సూదులు పెడతాడు. ఆమెకు కళ్లు తిరుగుతాయి, చెమటలు పడతాయి, పడిపోతుంది. మేమైతే ముందు కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, ఏమన్నా తినిపించి, అరగంట ఆగి చూస్తాం. రంజాన్ నెలలోనూ అంతే. రోజాలో ఉన్నవాళ్లను అసర్ వేళ పడుకోబెట్టి సూదులు పెట్టడం మేము మానుకున్నాం. ఇఫ్తార్ అయి, కాసేపు కుదుటపడ్డాక రమ్మంటాం. ఈ అలవాటు మాకు చార్టు వల్ల రాలేదు.

రెండోది చెయ్యి పట్టుకుని చూడటం. చైనా వైద్యుడు రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి నాడి చూస్తాడు, తేలికగా అదిమి ఒకసారి, గట్టిగా అదిమి ఒకసారి. మూడో శతాబ్దిలో వాంగ్ షూహే అనే ఆయన 24 రకాల నాడులు రాసి పెట్టాడు. మన పెద్దలకు ఇది కొత్త కాదు. హకీం సాబు నబ్జ్ చూడటం మన ఇళ్లలో ఎరిగిందే. ఇబ్న్ సీనా తన కానూన్‌లో నాడిని పది లక్షణాల కింద చూడమన్నాడు. ఇంకో విశేషం: 1313 ప్రాంతంలో ఇరాన్‌లోని తబ్రీజ్‌లో వజీరుగా ఉన్న రషీదుద్దీన్, స్వయంగా హకీం కూడా, చైనా వాళ్ల నాడీ గ్రంథాన్ని ఫార్సీలోకి చేయించాడు. ఆ రాతప్రతి ఇస్తాంబుల్‌లో ఇప్పటికీ ఉంది. పరాయివాళ్ల విద్య అని పక్కన పెట్టకుండా, పైపైన చూసి సరిపెట్టకుండా, మూలం తెప్పించి చదివాడాయన.

నాడి పట్టుకుంటే జబ్బంతా తెలిసిపోతుందని మేము చెప్పం. అలా చెప్పేవాళ్ల దగ్గరికి వెళ్లవద్దని కూడా చెబుతాం. కానీ ఐదు నిమిషాలు చెయ్యి పట్టుకున్నవాడు తప్పకుండా నాలుగు ప్రశ్నలు వేస్తాడు. నిద్ర పడుతున్నదా, కాళ్లు తిమ్మిరా, ఏ గోలీలు వాడుతున్నావు, గర్భం ఏమన్నా ఉందా. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ కండలో హెగు అనే స్థానం ఉంది, తలనొప్పికీ పంటినొప్పికీ అందరూ వాడేదే. గర్భిణికి అది వద్దన్నారు పాతవాళ్లు. షుగర్ ముదిరి పాదాలు మొద్దుబారినవాళ్లకు సూది గుచ్చితే తెలియదు, పుండు పడితే మానదు. భుజం మీదా రొమ్ము మీదా లోతుగా దించితే ఊపిరితిత్తికి చిల్లు పడే ప్రమాదముంది. అరుదే, కానీ జరిగినవి ఉన్నాయి. వాడిన సూదే మరొకరికి వాడితే కామెర్లు అంటుకుంటాయి.

మన నల్లగొండ జిల్లా సంగతి వేరే చెప్పాలి. ఫ్లోరైడు నీళ్ల పేరుతోనే మన జిల్లా లోకానికి తెలిసింది. పటికా సున్నమూ కలిపి ఆ నీటిని శుద్ధి చేసే పద్ధతికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే పెట్టారు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణ నీళ్లు వస్తున్నా, చిన్నతనం నుంచీ బోరు నీళ్లు తాగిన ఎముకలు ఉన్నాయి. మెడ తిరగదు, నడుం వంగదు. ఇలాంటి పెద్దమనిషికి సూదులు పెడితే నొప్పి కొన్నాళ్లు తగ్గవచ్చు. ఎముకలో చేరిన ఫ్లోరైడు మాత్రం సూదితో కరగదు. ఇరవై సిట్టింగులకు డబ్బు కట్టించుకోకముందే ఈ ముక్క చెప్పాలి, ఎక్స్‌రే తీయించాలి, ఇప్పుడు ఏ నీళ్లు తాగుతున్నావని అడగాలి. మా గురువులు మూలకారణాన్ని వెతకమనేవారు. మా ఊళ్లలో ఆ మూలం చాలాసార్లు బోరింగు దగ్గర దొరుకుతుంది.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన సంగతి దాచకుండా చెబుతాం, ఎందుకంటే రేపు ఎవరైనా చదివి అడగవచ్చు. జర్మనీలో నడుం నొప్పి ఉన్న 1162 మందిని మూడు జట్లు చేసి పరీక్షించారు. 2007లో ఫలితాలు వచ్చాయి. ఆరు నెలల తరువాత చూస్తే, పద్ధతి ప్రకారం సూదులు పెట్టినవాళ్లలో నూటికి 47.6 మందికి మేలు కనిపించింది. స్థానాలు కాని చోట్ల పైపైన గుచ్చినవాళ్లలో 44.2 మందికి. మందులూ వ్యాయామమూ ఇచ్చినవాళ్లలో 27.4 మందికి. అంటే సూది పని చేసింది, కానీ చుక్క సరిగ్గా ఎక్కడన్నది పెద్ద తేడా చూపలేదు.

మరి మీ పై చదువు దేనికయ్యా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. మేము దాని మీద చాలా ఆలోచించాం. చుక్కల్ని ఇంకా గొప్పగా గుర్తుపట్టడానికే అయితే ఆ చదువు దండగే. కానీ మా పని మారింది అక్కడ కాదు. ఇప్పుడు మేము తక్కువ సూదులు వాడతాం. నాలుగైదు సార్లకు గుణం కనిపించకపోతే ఆపి, డాక్టరు దగ్గరికి చీటీ రాసి పంపుతాం. షుగర్ గోలీలు మానేయొచ్చా అంటే వద్దని గట్టిగా చెబుతాం. నడుం నొప్పితో పాటు జ్వరమూ, బరువు తగ్గటమూ, మూత్రం బంద్ కావటమూ ఉంటే అసలు సూదే ముట్టం.

పాత పుస్తకం శ్రద్ధగా చదివితే ఏమవుతుందో చైనావిడ తూ యూయూ చూపించింది. ఆమె నేటి ఫార్మసీ చదువు చదివి, 1959 నుంచి రెండున్నరేళ్లు ప్రత్యేకంగా సంప్రదాయ వైద్యం చదువుకుంది. మలేరియాకు మందు వెతుకుతూ, నాలుగో శతాబ్ది నాటి గే హోంగ్ గ్రంథంలో ఒక చెట్టును నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమన్నది చూసింది. కాచమనలేదే అని అక్కడ ఆగింది. వేడి తగిలితే గుణం పోతుందేమోనని తక్కువ వేడితో సారం తీసింది. 1971లో ఫలించింది, 2015లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ పుస్తకం అందరి దగ్గరా ఉన్నదే.

కాబట్టి మా సలహా ఇది. నలుగురు పిల్లల్ని పంపే డబ్బుతో ఒకరిని పంపండి, కానీ పూర్తిగా చదివించండి. మనలోనే యూనానీ చదివిన పిల్లలున్నారు. హైదరాబాదులో చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కాలేజీ ఉండనే ఉంది. బీయూఎంఎస్‌కు నాలుగున్నరేళ్లు, పైన ఒక ఏడాది ఇంటర్న్‌షిప్ చేసి వస్తారు. శరీరం తెలుసు, నబ్జ్ తెలుసు, ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపాలో తెలుసు. అలాంటి అమ్మాయి ఈ విద్య నేర్చుకుని వస్తే మన ఆడవాళ్లకు ఎంతో సదుపాయం. అంతవరకు శిబిరం ఆపనక్కర్లేదు. నెలకు రెండు ఆదివారాలు మేము వస్తాం. సూదులు మాత్రం సీలు విప్పనివే, ఒకరికి వాడి పారేసేవే కొనాలి. వాటిని వేయడానికి మూత ఉన్న గట్టి డబ్బా ఒకటి ఉండాలి. వచ్చేవాళ్లు పాత ఎక్స్‌రేలు, వాడుతున్న గోలీల చీటీలు వెంట తెచ్చుకోవాలి. గర్భిణులు ముందే చెప్పాలి. ఏమీ తినకుండా మాత్రం ఎవరూ రావద్దు.