ప్రేగుల వాపును ఓషధులును



జీవితమెల్ల బాలురచే శబ్దములను, ధాతువులను వల్లెవేయించిన మాకు వైద్యమును గూర్చి ప్రసంగించు నధికారము లేదు. అయినను మేమొనర్చిన యొక పొరపాటు మమ్మీ వేదిక నెక్కించినది.

మా యన్నగారి కుమారునకు పెద్దప్రేగున పుండ్లుపడి రక్తవిరేచనములు పట్టుకొనెను. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే ప్రేగుపై తిరుగబడు వ్యాధి యిది. అల్సరేటివ్ కోలైటిస్ అందురు. డాక్టరుగారి మాత్రలతో నెమ్మదించెను. అంతట మేము, చరకసంహితలో గ్రహణీచికిత్సను చదివితిమను గర్వముచే, “మాత్రలేల? పాలలో పసుపు వేసికొని త్రాగుము” అంటిమి. పెద్దల మాట కాదనలేక యతడు మాత్రలు మానెను. మూడు మాసములలో రోగము తిరుగబెట్టి, రక్తము క్షీణించి, ఆసుపత్రిలో చేరెను. అటుపిమ్మట వైద్యుడైన మా పూర్వశిష్యుని యొద్ద మేమే శిష్యులమై కొంత నేర్చుకొంటిమి.

పసుపునందు గుణము లేకపోలేదు. జపానులో 2006లో ప్రకటింపబడిన పరీక్షయందు, వాడుక మందుతోపాటు పసుపుసారమగు కర్క్యుమిన్ దినమునకు 2 గ్రాములు చొప్పున ఆరు మాసములు పుచ్చుకొన్న 43 మందిలో ఇద్దరికే రోగము తిరుగబెట్టెను. ఔషధగుణము లేని బిళ్లలు పుచ్చుకొన్న 39 మందిలో ఎనమండుగురకు తిరుగబెట్టెను. ఉభయులును వాడుక మందును మానలేదని గమనింపుడు. పసుపులో నీ సారము నూటికి సుమారు మూడుపాళ్లే. పాలలోని చిటికెడు పసుపెక్కడ, ఆ మోతాదెక్కడ! ఢిల్లీ ఎయిమ్స్ వారు 2017లో ప్రకటించిన పరీక్షయందు దినమునకు 450 మిల్లీగ్రాముల మోతాదు ఫలింపలేదు.

మన నేలవేము సారమును 224 మందిపై పరీక్షించి 2013లో ప్రకటించిరి. ఎక్కువ మోతాదు పుచ్చుకొన్నవారిలో నూటికి 60 మందికి గుణము కనబడెను. వట్టిబిళ్లలతోను నూటికి 40 మందికి కనబడెను! కావున “మావానికి తగ్గినది” అను నొక్కని మాట ప్రమాణము కాజాలదు.

నీలిమందు కథ మరియు విచిత్రము. జపానులోనే 2018లో ప్రకటింపబడిన పరీక్షయందు, దినమునకు 2 గ్రాములు పుచ్చుకొన్నవారిలో నూటికి 81 మందికి గుణమిచ్చెను. వట్టిబిళ్లలకు 14 మందికే. అయినను పరీక్షలో లేని యొక రోగి తానే కొని ఆరుమాసములు వాడగా, ఊపిరితిత్తుల ధమనులలో రక్తపుపోటు హెచ్చినదని తెలిసి పరీక్షను ముందుగనే ఆపివేసిరి. గుణమున్న మూలికకు దోషమును ఉండవచ్చును.

కావున మా విన్నపములు మూడు. రక్తవిరేచనములను సిగ్గుచే దాపవలదు. డాక్టరుగారి మందును మన యిచ్చకు మానవలదు. మూలికలు వాడదలచిన ముందుగ వారికి తెలుపుడు. పోషకమహాశయులు విద్యార్థివేతనముల నొసగునపుడు, ఓషధులను శాస్త్రీయముగ పరీక్షించు విద్య నభ్యసించు మన బాలబాలికలను గూడ తలంచిన, పూర్వుల విద్యకు నిజమైన గౌరవము చేసినవారగుదురు.

మా యన్నకుమారుడు కోలుకొని యీ సభలోనే యున్నాడు. అతని క్షమయే మాకు చాలిన సన్మానము.

స్వస్తి.